ఫోన్‌లో ‘ఇన్‌స్టాల్’ నొక్కేస్తాం, మరి యూనిక్స్ సర్వర్‌లో?

ఫోన్‌కి అప్‌డేట్ వస్తే రాత్రి చార్జింగ్ పెట్టి, ‘ఇన్‌స్టాల్’ నొక్కి పడుకుంటాం. తేడా కొడితే ఇబ్బంది పడేది మనమొక్కళ్లమే. పెద్ద యూనిక్స్ సర్వర్ కథ వేరు. ఒకే పెట్టెలో పదుల కొద్దీ వర్చువల్ సర్వర్లు నడుస్తుంటాయి. వాటన్నిటి కింద ఉండే ఫర్మ్‌వేర్ మాత్రం ఒక్కటే. అది డౌన్ అయితే పైనున్నవన్నీ డౌన్. మరి అక్కడ అప్‌డేట్ ఎలా చేస్తారు? ఐబీఎం పవర్ సర్వర్లు, వాటి మీద నడిచే ఏఐఎక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ ఉదాహరణగా చూద్దాం.

రెండు కాపీల లెక్క

2016లో ఆండ్రాయిడ్ 7 నౌగట్‌తో వచ్చిన ఏ/బీ అప్‌డేట్లు గుర్తున్నాయా? ఒక స్లాట్ మనం వాడుతుంటే, కొత్త వెర్షన్ రెండో స్లాట్‌లోకి ఎక్కుతుంది. బూట్ కాకపోతే ఫోన్ పాత స్లాట్‌కి వెళ్లిపోతుంది. పవర్ సర్వర్లలో ఇలాంటి ఏర్పాటు నౌగట్ కంటే చాలా ముందు నుంచే ఉంది. ఫర్మ్‌వేర్‌కి టెంపరరీ సైడ్, పర్మనెంట్ సైడ్ అని రెండు కాపీలుంటాయి. సర్వర్ మామూలుగా నడిచేది టెంపరరీ సైడ్ మీదే! వినడానికి తిరకాసుగా ఉన్నా లాజిక్ సింపుల్. కొత్తది టెంపరరీ సైడ్‌లో పడుతుంది. అంతకుముందు బాగా నడిచినది పర్మనెంట్ సైడ్‌లో బ్యాకప్‌గా ఉంటుంది. ఏఐఎక్స్‌లో ‘ఎల్ఎస్ఎంకోడ్’ కమాండ్ కొడితే ఏ సైడ్‌లో ఏ వెర్షన్ ఉందో, ఇప్పుడు ఏ సైడ్ నుంచి బూట్ అయ్యిందో చెప్పేస్తుంది.

సర్వర్ ఆపాలా, అక్కర్లేదా?

దీనికి జవాబు ఫైల్ పేరులోనే ఉంటుంది. నాకు ఈ పద్ధతి భలే నచ్చుతుంది. పేరులో వరుసగా మూడు నంబర్లుంటాయి: రిలీజ్, సర్వీస్ ప్యాక్, సర్వర్ ఆపి ఎక్కించాల్సి వచ్చిన చివరి సర్వీస్ ప్యాక్. మీ దగ్గర 40వ సర్వీస్ ప్యాక్ ఉందనుకోండి. అదే రిలీజ్‌లో కొత్త ఫైల్ మీద 60, 35 అని ఉంటే, మీరు 35 దాటేశారు కాబట్టి సర్వర్ నడుస్తుండగానే ఎక్కించొచ్చు. 60, 50 అని ఉంటే ఆపాల్సిందే. రిలీజ్ నంబరే మారితే ఇంక ఆలోచన లేదు, డౌన్‌టైమ్ అడగాలి.

ఇంకో మెలిక కూడా ఉంది. ఆపకుండా ఎక్కించినా కొన్ని ఫిక్స్‌లు ‘డిఫర్డ్’, అంటే సర్వర్ మళ్లీ బూట్ అయ్యేదాకా పనిచేయవు. అందుకే రీడ్‌మీ చదవకుండా మొదలుపెట్టొద్దు.

ఎక్కించే ముందు

సర్వర్లను మేనేజ్ చేసే కన్సోల్‌ని హెచ్ఎంసీ అంటారు. కొత్త ఫర్మ్‌వేర్‌కి దాని వెర్షన్ సరిపోకపోతే ముందు దాన్నే అప్‌డేట్ చేయాలి. తర్వాత ‘ఈఆర్ఆర్‌పీటీ’ కమాండ్‌తో ఎర్రర్ లాగ్ చూడాలి. పాత హార్డ్‌వేర్ ఎర్రర్లు ఉంటే వాటి సంగతి ముందు తేల్చాలి. లేదంటే రేపు ఏది పాత జబ్బో, ఏది కొత్త ఫర్మ్‌వేర్ తెచ్చిందో తెలీదు. ‘ఎంకేసిస్‌బీ’తో ఆపరేటింగ్ సిస్టమ్ బ్యాకప్ తీసుకోవాలి. సర్వర్ ఆపక తప్పదంటే, లైవ్ పార్టిషన్ మొబిలిటీ ఉన్నచోట నడుస్తున్న వర్చువల్ సర్వర్లను ముందే వేరే పెట్టెలోకి మార్చేయొచ్చు.

తొందరపడకూడని బటన్

అప్‌డేట్ సక్సెస్ అనగానే ‘యాక్సెప్ట్’ కొట్టేయాలనిపిస్తుంది. అది కొడితే కొత్త ఫర్మ్‌వేర్ పర్మనెంట్ సైడ్ మీదకి కూడా కాపీ అవుతుంది. అంటే పాతది పోయినట్టే. కొట్టకుండా ఉంచితే, తేడా వచ్చినప్పుడు సర్వర్‌ని పర్మనెంట్ సైడ్ నుంచి బూట్ చేసి, కొత్తదాన్ని ‘రిజెక్ట్’ చేసే అవకాశం మిగులుతుంది.

ఎన్నాళ్లు ఆగాలి? నా లెక్కలో కనీసం ఒక నెలాఖరు దాటాలి. అప్‌డేట్ మర్నాడు అన్నీ బాగానే కనిపిస్తాయి. జీతాలు, బిల్లులు, రిపోర్టుల జాబ్‌లన్నీ ఒకేసారి మీద పడ్డప్పుడే అసలు పరీక్ష. ఆగినందువల్ల పోయేది పెద్దగా ఏమీ లేదు, ఎందుకంటే సర్వర్ ఎలాగూ కొత్త ఫర్మ్‌వేర్ మీదే నడుస్తోంది. పాతది పక్కన భద్రంగా ఉంటుంది, అంతే.

కొత్త ఫోన్ కొనేటప్పుడు ‘ఎన్నేళ్లు అప్‌డేట్లు ఇస్తారు?’ అని అడుగుతాం కదా. ‘తేడా కొడితే వెనక్కి వెళ్లే దారేది?’ అని కూడా అడగడం మొదలుపెడదాం.