అండదానం చేయమని అడుగుతున్నారా?

"నాలుగు ఇంజెక్షన్లు, ఒక పూట ఆసుపత్రి, చేతినిండా డబ్బు. పిల్లలు లేనివాళ్ళకు ఉపకారం చేసినట్లూ ఉంటుంది" అంటూ మీతో ఎవరైనా అన్నారా? మీతో కాకపోయినా, మీ ఇంట్లో పనిచేసే అమ్మాయితో అని ఉండవచ్చు. సరేననేముందు జరిగేదేమిటో తెలుసుకోండి.

మామూలుగా స్త్రీకి నెలకు ఒక్క అండమే పక్వమవుతుంది. దానితోపాటు ఎదగడం మొదలుపెట్టిన మిగతావి నశించిపోతాయి. పది, పన్నెండు రోజులు హార్మోను ఇంజెక్షన్లు ఇచ్చి వాటిని కూడా ఎదిగేలా చేస్తారు. చివరి ఇంజెక్షను ఇచ్చిన సుమారు 36 గంటలకు మత్తు ఇచ్చి, యోనిమార్గం ద్వారా సూదితో అండాలను తీస్తారు. కోత, కుట్లు ఉండవు. అండాలన్నీ అయిపోయి ముట్లు ముందే ఆగిపోతాయన్న భయం అక్కరలేదు. తీసేవి ఎలాగూ ఆ నెలలో పోయేవే. ఆ రోజుల్లో మాత్రం భర్తకు దూరంగా ఉండాలి. ఒక్క అండం మిగిలినా మీకే గర్భం రావచ్చు.

భయపడవలసింది మరొకటి ఉంది. మందులకు అండాశయాలు మితిమీరి స్పందిస్తే ఉబ్బిపోతాయి, రక్తనాళాల్లోని నీరు పొట్టలోకి చేరుతుంది, రక్తం చిక్కబడి గడ్డకట్టే ప్రమాదమూ ఉంది. స్కానింగు చేస్తూ, మందులు మారుస్తూ దీన్ని చాలావరకు నివారించవచ్చు. అయితే అందుకు మిమ్మల్ని కనిపెట్టి చూసే డాక్టరుండాలి, రికార్డులో మీ అసలు పేరు, అసలు వయసు ఉండాలి.

బ్రోకరు వెంట వెళ్ళేవారికి కరువయ్యేది ఇదే. తమిళనాడులోని ఈరోడ్‌లో ఒక పదహారేళ్ళ బాలికకు దొంగ ఆధార్ కార్డు పుట్టించి, పలుమార్లు అండాలు తీయించిన వ్యవహారం 2022లో బయటపడింది. అరెస్టయినవారిలో ఆమె కన్నతల్లి కూడా ఉంది!

2021లో వచ్చిన చట్టం ప్రకారం దాత వయసు 23, 35 సంవత్సరాల మధ్య ఉండాలి. జీవితంలో ఒక్కసారే ఇవ్వాలి. ఏడు అండాలకు మించి తీయకూడదు. ఆమె పేర పన్నెండు నెలల బీమా చేయాలి. రిజిస్టరైన బ్యాంకే దాతను పరీక్షించి ఎంపిక చేయాలి. అండాలతో వ్యాపారం నేరం. కనుక బేరం మొదలుపెట్టినవాడు మొదటి మాటలోనే చట్టం దాటాడన్నమాట. బీమా కాగితం చూపమనండి, చాలామంది అక్కడే మాట మార్చేస్తారు.

ఇప్పటికే అండాలు ఇచ్చి వచ్చారా? కాస్త కడుపుబ్బరం మామూలే. కాని పొట్ట గట్టిపడి పెరుగుతున్నా, ఆగకుండా వాంతులవుతున్నా, మూత్రం తగ్గినా, ఆయాసం వచ్చినా ఆ రాత్రే ఆసుపత్రికి వెళ్ళండి. సిగ్గుపడి అసలు సంగతి దాచవద్దు. అండాలు తీశారని చెప్పకపోతే, గ్యాసనుకుని మాత్రలిచ్చి పంపించే అవకాశముంది.