ఐయామ్ గ్లాడ్ మై మామ్ డైడ్

ఐయామ్ గ్లాడ్ మై మామ్ డైడ్ అమెరికా నటి జెనెట్ మెకర్డీ (జననం: 1992) రచించిన ఆత్మకథ. ఇది 2022 ఆగస్టులో ప్రచురితమైంది. ఈ పేరునకు "మా అమ్మ చనిపోయినందుకు సంతోషిస్తున్నాను" అని అర్థం.

తల్లి ఆకాంక్ష మేరకు ఆరేళ్ళకే నటన ప్రారంభించిన మెకర్డీ, "ఐకార్లీ" (2007-2012) టెలివిజన్ ధారావాహికతో ప్రసిద్ధి చెందింది. పదకొండేళ్ళ వయసులో, శరీరం ఎదగకుండా ఉండేందుకు ఆహారం తగ్గించడం తల్లే నేర్పిందని ఇందులో వ్రాసింది. తల్లి 2013లో క్యాన్సర్‌తో మరణించింది. ఆమె చేసినది హింసేనని చికిత్సకురాలు అన్నప్పుడు మెకర్డీ అంగీకరించలేక ఆ చికిత్సనే మానివేసింది.

కథనం వర్తమాన కాలంలో, బాలిక దృష్టి నుండి సాగుతుంది. అందువలన ఆమె ప్రేమగా భావించినదానిలోని హింసను ఆమెకంటే ముందుగా పాఠకుడే గుర్తిస్తాడు. పుస్తకం పేరులోని కాఠిన్యం చివరకు ద్వేషంగా కాక, ఆలస్యంగా లభించిన విముక్తిగా అర్థమవుతుంది.