నెత్తి నొస్తే బీపీ లేసినట్టేనా?

మార్చి దాటిందంటే మన దిక్కు ఎండలు ఎట్లుంటాయో ఎవరికీ కొత్తగా చెప్పనక్కరలేదు. యాసంగి వరి కోతకు వచ్చేది, వడ్లు ఆరబోసేది, కొనుగోలు కేంద్రాల్లో తూకం కోసం రోజుల తరబడి కాపలా ఉండేది, మనకు పరీక్షలు వచ్చేది, అన్నీ ఆ రెండు మూడు నెలల్లోనే. ఆ రోజుల్లో ఇరవై ఏళ్ల వాళ్ల నోట తరచుగా వినిపించే మాట ఒకటుంది: "నెత్తి పగిలిపోతున్నది, ఎండకు బీపీ లేసినట్టుంది." ఈ మాటలో నిజం కొంత, అపోహ ఎక్కువ. ఆ అపోహ ఒక్కొక్కసారి ప్రాణం మీదికి తెస్తుంది కనుక అసలు సంగతి విచారించడం అవసరం.

గుండె కొట్టుకున్నప్పుడల్లా రక్తం ధమనుల గోడల మీద కలిగించే ఒత్తిడినే రక్తపోటు అంటాము. ఇటలీ దేశపు వైద్యుడు రివా-రోచి 1896లో చేతికి పట్టీ కట్టి దీనిని కొలిచే సాధనం తయారు చేశాడు. 1905లో రష్యా వైద్యుడు కొరొట్కోవ్ స్టెతస్కోపుతో శబ్దాలు విని పై అంకె, కింది అంకె రెండూ తెలుసుకునే పద్ధతి చెప్పాడు. ఆరోగ్యవంతుడైన యువకునికి ఇది సుమారు 120/80 ఉంటుంది.

పొలానికి నీళ్లు పెట్టిన వారికి ఈ విషయం సులువుగా అర్థమవుతుంది. గుండె బోరు మోటరు అనుకోండి, రక్తనాళాలు పైపులు. ఒక్క గేటువాల్వు విప్పితే నీళ్లు జోరుగా చిమ్ముతాయి. అన్నీ ఒకేసారి విప్పితే జోరు తగ్గుతుంది. బోరు పోయడం తగ్గినా జోరు తగ్గుతుంది. ఎండలో మన ఒంట్లో ఈ రెండూ జరుగుతాయి. శరీర ఉష్ణోగ్రత 37 డిగ్రీల దగ్గర నిలవాలంటే లోపలి వేడి బయటికి పోవాలి. అందుకు చర్మంలోని రక్తనాళాలు వెడల్పవుతాయి. అంటే వాల్వులన్నీ విప్పినట్టే. మరోపక్క చెమట రూపంలో నీరు, ఉప్పు పోతాయి. ఎర్రటి ఎండలో కష్టం చేసే మనిషికి గంటకు లీటరుకు పైగా చెమట పోవచ్చు. కనుక ఎండకు సాధారణంగా రక్తపోటు పెరగదు, కొంత తగ్గుతుంది. చలికాలం కంటే ఎండాకాలంలో రక్తపోటు అంకెలు తక్కువగా ఉండడం వైద్యులు ఎన్నో దేశాల్లో గమనించిన విషయమే. ఎండలో వరుసలో నిలబడిన పిల్లవాడు కళ్లు తిరిగి పడిపోయేది కూడా చాలావరకు రక్తపోటు తగ్గడం వల్లనే.

మరి నెత్తి ఎందుకు నొస్తుంది? ఒంట్లో నీరు, ఉప్పు తగ్గడం మొదటి కారణం. పొద్దున తినకుండా బయలుదేరడం, ఉక్కపోతకు రాత్రి నిద్ర పట్టకపోవడం, కళ్లలో ఎండ మిలమిలలు కొట్టడం తక్కిన కారణాలు. మైగ్రేన్ ఉన్న వారికి వీటిలో ఏ ఒక్కటైనా చాలు, నొప్పి లేస్తుంది. ఆడపిల్లల సంగతి వేరే చెప్పాలి. బస్టాండులోనో, పని దగ్గరో మరుగుదొడ్డి సరిగా ఉండదని పొద్దటి నుంచి సాయంత్రం దాకా గుక్కెడు నీళ్లు తాగని వారెందరో ఉన్నారు. వారి తలనొప్పికి మందు దుకాణంలో దొరకదు.

"అయితే మిషన్ పెట్టి చూస్తే 150 చూపించిందే!" అని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్న. నొప్పి, భయం, అప్పుడే ఎండలో నడిచి రావడం, అప్పుడే చాయ్ తాగడం, మూత్రం ఆపుకోవడం, ఇవన్నీ అంకెను కాసేపు పెంచుతాయి. అంతేకాక నీరు బాగా తగ్గినప్పుడు మూత్రపిండాలు రెనిన్ అనే పదార్థాన్ని ఎక్కువగా విడుదల చేస్తాయి. దాని ప్రభావం వల్ల రక్తనాళాలు బిగుసుకొంటాయి. ఇది పోటు పడిపోకుండా శరీరం చేసుకునే ఏర్పాటు. అంటే చాలా సందర్భాల్లో పెరిగిన అంకె తలనొప్పికి కారణం కాదు, తలనొప్పితో పాటు వచ్చిన చుట్టం మాత్రమే.

అసలు ప్రమాదం ఇక్కడే ఉంది. ఇంట్లో పెద్దవాళ్లు బీపీ గోలీలు వాడుతుంటారు. "తాతా, నెత్తి నొస్తుంది, నీ గోలి ఒకటియ్యి" అని అడిగి వేసుకునే వారున్నారు. ఆ గోలీల్లో కొన్ని నాళాలను ఇంకా వెడల్పు చేస్తాయి, కొన్ని మూత్రం ఎక్కువ చేసి ఉన్న నీటిని కూడా తోడేస్తాయి. అసలే నీరు తగ్గిన ఒంటికి ఇది ఎండిన బోరుకు ఇంకో మోటరు పెట్టినట్టు. మనిషి కుప్పకూలవచ్చు. నీరు తగ్గి ఉన్నప్పుడు డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ వంటి నొప్పి గోలీలు మింగడం మూత్రపిండాలకు చేటు. అట్లాగని తాతలు ఎండాకాలమని తమ గోలీలు తామే మానుకోరాదు. డాక్టరును అడిగి మార్చుకోవాలి.

నెత్తి నొస్తే ముందు నీడకు చేరాలి. లీటరు మంచినీళ్లలో ఆరు చిన్న చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలిపి కొద్దికొద్దిగా తాగాలి. చెంచా తలకొట్టి కొలవాలి. ఓఆర్ఎస్ పొట్లం దొరికితే మరీ మంచిది. ఉప్పు వేసిన సల్ల, జొన్న అంబలి మన పెద్దలు కనిపెట్టిన మందులే. వాటిలో నీరు, ఉప్పు రెండూ ఉన్నాయి. జేబులో ఉల్లిగడ్డ పెట్టుకుంటే మాత్రం ఒళ్లు చల్లబడదు. నెత్తికి రుమాలు చుట్టుకోవడం దానికంటే మేలు.

మాట తడబడి, మనిషి అయోమయంగా మాట్లాడినా, ఫిట్స్ వచ్చినా, తెలివి తప్పినా అది ఉత్త తలనొప్పి కాదు, వడదెబ్బ. ఒంటి వేడి 40 డిగ్రీలు దాటుతుంది. వెంటనే 108కు ఫోన్ చేసి, బండి వచ్చేలోగా ఒళ్లంతా నీళ్లు చల్లి గాలి విసరాలి. తెలివి లేని మనిషి నోట్లో నీళ్లు పోయరాదు. 2015 మే నెలలో వీచిన వడగాడ్పులకు రెండు తెలుగు రాష్ట్రాల్లో వెయ్యి మందికి పైగా చనిపోయారన్న సంగతి మరువరాదు.

ఇక చివరి మాట. "ఎండకే పెరిగిందిలే" అని అసలు రక్తపోటును వదిలేయడం రెండో తప్పు. ఎక్కువ రక్తపోటు చాలామందిలో ఏ నొప్పీ లేకుండానే ఉంటుంది. నొప్పి తగ్గిన తర్వాత, నీడలో అయిదు నిమిషాలు కదలక కూర్చొని, చేయి గుండె ఎత్తున బల్ల మీద పెట్టి, మాట్లాడకుండా రెండుసార్లు చూపించుకోవాలి. వేర్వేరు రోజుల్లో చూసినా 140/90 తగ్గకపోతే ఎండను నిందించి లాభం లేదు. ఇరవై ఏళ్ల వయసులో అట్లుంటే మూత్రపిండాల జబ్బు వంటి కారణం ఉందేమో డాక్టరు పరీక్షించాలి. అంకె 180/120 దాటి చూపు మసకబారినా, ఛాతీ నొచ్చినా, చేయి కాలు పట్టు తప్పినా ఆ క్షణమే ఆసుపత్రికి పోవాలి.

మన విద్యార్థి సంఘం వచ్చే వేసవికి ఒక రక్తపోటు మిషను, కొన్ని ఓఆర్ఎస్ పొట్లాలు, ఎండలో నుంచి వచ్చిన వారు అయిదు నిమిషాలు కూర్చోవడానికి నీడలో ఒక బెంచీ ఏర్పాటు చేస్తే పెద్ద ఖర్చేమీ కాదు. పరీక్ష హాలుకు పరుగెత్తుకొచ్చిన పిల్లవాడికి గోలి కంటే ముందు గ్లాసెడు ఉప్పు, చక్కెర కలిపిన నీళ్లు అందాలి.

– బి.ఎస్సీ. ద్వితీయ సంవత్సర విద్యార్థి, భిక్నూర్