క్రిస్మసు పండుగయు కుటుంబ సమాధానమును

క్రిస్మసు సమీపించినప్పుడు దక్షిణాఫ్రికాలోని నేటాలు సీమయందు తెలుగు క్రైస్తవుల యిండ్లలో సందడి ప్రారంభమగును. ఆ సీమలో డిసెంబరు మాసము మండువేసవి. చెరకు నరకు కాలము ముగింపునకు వచ్చును, మామిడిపండ్లు పక్వమగును. గోడలకు సున్నము వేయుదురు, పిల్లలకు క్రొత్త బట్టలు కుట్టింతురు, పిండివంటలు చేయుదురు. ఇవన్నియు మంచివే. అయితే సున్నము వేసిన ఆ గోడల నడుమ అన్నదమ్ములు మాటలాడుకొననియెడల, అత్తాకోడండ్రు ఒకరి ముఖ మొకరు చూడనియెడల, ఆ యిల్లు రక్షకుని చేర్చుకొనుటకు సిద్ధపడినదని చెప్పవచ్చునా?

ప్రభువు జన్మించిన రాత్రి మరియ యోసేపులకు సత్రములో స్థలము దొరకలేదని లూకా సువార్త తెలుపుచున్నది. సత్రములోనివారు దుష్టులని అందు వ్రాయబడలేదు. సత్రము నిండియుండెను, అంతే. మనుష్యుని హృదయముకూడ అట్టిదే. దేవుని ద్వేషించి తలుపు మూయువారు కొద్దిమంది. పాత మాటలు, పాత బాకీలు, పాత అవమానములు లోపల నిండియుండుటచేత ఆయనకు చోటులేకుండ చేయువారు అనేకులు.

నేటాలు తెలుగువారికి కుటుంబము చీలిపోవుట యనగా ఏమో పూర్వమునుండి తెలియును. 1860వ సంవత్సరము నవంబరు 16వ తేదీని ట్రూరో అను ఓడ చెన్నపట్టణమునుండి మొదటి కూలీలను దర్బను రేవునకు తెచ్చెను. ఆ రవాణా 1911వ సంవత్సరమువరకు సాగెను. ఒడంబడిక గడువు అయిదు సంవత్సరములు. మొదటి యేట జీతము నెలకు 10 షిల్లింగులు. 100 మంది పురుషులకు 40 మంది స్త్రీలచొప్పున పంపవలెనని నియమముండెను. కావున ఆలుబిడ్డలను స్వగ్రామమున విడిచి వచ్చినవారు, మరల వారి ముఖము చూడనివారు అనేకులుండిరి. గడువు తీరి మరల ఒడంబడికకు లోబడకను, స్వదేశమునకు మరలకను నిలిచినవారిపై 1895వ సంవత్సరపు చట్టము ఏటేటా 3 పౌనుల పన్ను విధించెను. 1914లో అది రద్దగువరకు ఆ పన్ను బీదల మెడకు ఉరియై యుండెను. ఇట్టి యొత్తిడియందు అప్పులు పెరిగెను, త్రాగుడు పెరిగెను, అనుమానములు పెరిగెను. ఆనాటి గాయములు కొన్ని తాతలనుండి మనుమలకు ఆస్తివలె సంక్రమించెను.

ఇట్టి జనుల మధ్యకు 1903వ సంవత్సరమున నెల్లూరు సీమనుండి జాన్ రంగయ్యగారు మిషనెరీగా వచ్చిరి. ఆయనను పంపినవారు తెలుగుదేశపు బాప్తిస్టు క్రైస్తవులే. ఆ యేడే డిసెంబరు 27వ తేదీని, తేయాకు తోటలున్న కియర్స్నీలో తెలుగు బాప్తిస్టు సంఘము స్థాపింపబడెను. క్రిస్మసు గడచిన రెండవ దినమున ఆ సంఘము జన్మించెను. బంధువులు లేనివారికి సంఘమే బంధువర్గమాయెను. ఊరు విడిచినవారికి అదే ఊరాయెను. గుడిలో పరులను అన్నా అని పిలువ నేర్చినవాడు, ఇంటిలో తోడబుట్టిన అన్నతో పలుకకుండుట ఆ పిలుపునకే అవమానము.

పరదేశమునకు పోయినవాని కథ లేఖనములలో మరియొకటి కలదు. పూర్వకాలపు యోసేపును సొంత అన్నలే ఇరువది తులముల వెండికి వర్తకుల కమ్మివేసిరి. తనవారే తన్ను మోసగించి ఓడ యెక్కించిరని దుఃఖించిన కూలివానికి ఇది పరాయి కథ కాదు. తరువాత కరవు వచ్చి ఆ యన్నలే ధాన్యమునకై అతని యెదుట నిలిచిరి. యోసేపు వెంటనే బయటపడలేదు. వారి మనస్సు మారినదో లేదో పరీక్షించెను. తమ్ముడైన బెన్యామీనుకు బదులుగా తానే దాసుడనై యుండెదనని యూదా ముందుకు వచ్చినప్పుడు యోసేపు తాళలేక బిగ్గరగా ఏడ్చి తన్ను తెలియజేసికొనెను. ఒకవైపు పశ్చాత్తాపము, ఒకవైపు క్షమాపణ. ఈ రెండును కలిసినచోట ఆ కుటుంబము మరల బ్రదికెను.

కాబట్టి క్షమించుట యనగా తప్పును తప్పు కాదనుట కాదు. ఏడాది పొడుగున త్రాగి భార్యను కొట్టినవాడు, పండుగనాడు క్రొత్త చీర తెచ్చి, క్రైస్తవురాలవు గనుక క్షమింపవలెననుట పశ్చాత్తాపము కాదు. అతడు మొదట సీసా విడువవలెను. ఎత్తిన చేయి దింపవలెను. పెద్దల యెదుట తన తప్పు ఒప్పుకొనవలెను. ఆమె ప్రాణభయముచేత పుట్టినింటనో సంఘపెద్దల యింటనో ఆశ్రయము పొందినయెడల, అది క్షమించని తనమని యెవరును నిందింపరాదు. యెరికో పట్టణపు జక్కయ్య యేసును ఇంట చేర్చుకొనిన దినముననే, తాను అన్యాయముగా తీసికొనినదానికి నాలుగంతలు తిరిగి ఇచ్చెదనని పలికెను. ప్రభువు ఇంటికి వచ్చెననుటకు అదియే గురుతు.

కానుకతో దేవుని సన్నిధికి వచ్చినవానికి, తనచేత నొచ్చిన సహోదరుడు గుర్తుకు వచ్చినయెడల, కానుకను అక్కడనే ఉంచి ముందుగా వానియొద్దకు పోవలెనని ప్రభువు బోధించెను. ఇందులో ముందడుగు వేయవలసినవాడు నొప్పించినవాడే. తండ్రి కుమారునియొద్ద తప్పు ఒప్పుకొనుటచేత తండ్రి గౌరవము తగ్గదు; కుమారుడు ఆ దినమును మరచిపోడు. అట్లే ఒప్పుకొని వచ్చినవాని యెదుట తలుపు మూయుట నొచ్చినవానికి తగదు. తప్పిపోయిన కుమారుని కథలో తండ్రి దూరమునుండియే చూచి పరుగెత్తెను గదా.

పండుగకు ముందున్న దినములలో ప్రతి కుటుంబమువారును రాత్రి ప్రార్థనలో ఈ సంగతిని విచారించుకొనుట మేలు. తెగిపోయిన ఉత్తరము తిరిగి వ్రాయవలసిన బంధువు ఉండవచ్చును. తీర్చవలసిన బాకీ ఉండవచ్చును. ప్రక్క గదిలోనే యుండి పదియేండ్లుగా పిలువబడని తమ్ముడు ఉండవచ్చును. పండుగ భోజనమునకు ఒక విస్తరి ఎక్కువ వేసి ఆ తమ్ముని పిలిచిన యింటికి, పశువుల తొట్టిలో పరుండిన ప్రభువు పిలువకయే వచ్చును. అట్టి సమాధానము తోటలలోని ప్రతి యింటికిని ఆయన అనుగ్రహించునుగాక.