ఐసుమీద వేట, ఐసుతో వేట

పిల్లలూ! చలికాలంలో తెల్లవారుజామున దుప్పటి విడిచి లేవాలంటే మనకు ఎంత బద్ధకం! అటువంటి చలిలో చేపల వేటకు ప్రయాణం కట్టేవారు ప్రపంచంలో ఎందరో ఉన్నారు. వారిలో కొందరికి ఐసే దారి. మరికొందరికి ఐసే సామాను. ఈ రెండు ప్రయాణాలకూ ఎట్లా సిద్ధం కావాలో చూద్దాం.

ముందు అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రానికి పోదాం. అక్కడ వేలకొద్దీ సరస్సులున్నాయి. శీతకాలం వచ్చేసరికి అవి పైన గడ్డకట్టి రాతినేలలాగా అవుతాయి. జనం కార్లలో దూరాలనుంచి వచ్చి, పెద్ద బరమాతో ఐసుకు కన్నం తొలిచి, అందులోకి గాలం వదిలి కూర్చుంటారు.

"సరస్సు గడ్డకట్టితే చేపలు చచ్చిపోవా?" అని మీరడగవచ్చు. చావవు. చల్లబడినకొద్దీ నీరు బరువెక్కి అడుగుకు దిగుతుంది. కాని ఈ బరువెక్కడం 4 డిగ్రీల సెంటిగ్రేడు వరకే. అంతకంటె చల్లబడితే నీరు తిరిగి తేలిక అవుతుంది. అందుచేత 0 డిగ్రీల నీరు పైనే ఉండి గడ్డకడుతుంది. లోతున 4 డిగ్రీల నీటిలో చేపలు హాయిగా బతుకుతాయి.

ఈ ప్రయాణానికి ఉన్నిబట్టలూ, తిండీ, గాలాలూ ఉంటే చాలదు. ముఖ్యంగా కావలసింది గునపం. అడుగు వేయబోయే చోట గునపంతో పొడిచి చూసి, కన్నం తొలిచి మందం కొలవాలి. మనిషి నడవడానికి గట్టి ఐసు కనీసం 4 అంగుళాలు ఉండాలి. కారు నడవాలంటే అంతకు రెండు మూడు రెట్లు కావాలి. ఒకచోట మందంగా ఉన్నదని పక్కచోటును నమ్మరాదు. అడుగున ప్రవాహం ఉంటే ఐసు పలచగా ఉంటుంది. అందుకే వేటగాళ్ళు పిడులున్న రెండు మేకులను మెడలో వేలాడదీసుకుంటారు. ఐసు విరిగి నీళ్ళలో పడితే, వాటిని ఐసు అంచున గుచ్చి పైకి పాకుతారు.

ఇక మన కాకినాడ రేవుకు వద్దాం. మన గోదావరి ఏనాడూ గడ్డకట్టదు. అయినా రోజుల తరబడి సముద్రంమీద ఉండే మరబోటు ఐసు లేకుండా కదలదు. ఐసు దిమ్మలను పొడిచేసి బోటు అడుగునున్న గదిలో నింపుతారు. మన వేడికి కిలో చేపలకు ఇంచుమించు కిలో ఐసు కావాలి. ఐసు కరుగుతూ చేపలోని వేడిని పీల్చుకుంటుంది. ఒక కిలో ఐసు కరగడానికి పీల్చే వేడితో, 0 డిగ్రీల నీటిని ఒక కిలో తీసుకుని 80 డిగ్రీల దాకా కాచవచ్చు! డీజిలు, బియ్యం, మంచినీళ్ళు ఎంత ఉన్నా, ఐసు నిలిచినన్ని రోజులే వేట. ఆ లెక్క సరంగుకు బాగా తెలుసు.

మరి సరంగు గునపంతో పొడిచి చూడవలసింది ఏది? వాతావరణం! అక్టోబరు నుంచి డిసెంబరు వరకు బంగాళాఖాతంలో తుఫానుల కాలం. 1996లో దీపావళి నాలుగు రోజులున్నదనగా, నవంబరు 6వ తేదీ రాత్రి, పెద్ద తుఫాను కాకినాడకు దక్షిణంగా తీరం దాటి కోనసీమను ఊడ్చివేసింది. వెయ్యిమందికి పైగా చనిపోయారు. సముద్రంమీదికి వెళ్ళిన మత్స్యకారులెందరో తిరిగి రాలేదు.

ఇప్పుడు విశాఖపట్నంలోని తుఫాను హెచ్చరిక కేంద్రం, హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థ గాలుల సంగతీ అలల సంగతీ ముందే చెబుతాయి. బయలుదేరేముందు ఆ కబురు తెలుసుకోవాలి. బోటులో వైర్‌లెస్ పనిచేస్తున్నదో లేదో చూసుకోవాలి. ప్రతి మనిషికీ నీటిలో తేల్చే చొక్కా ఉండాలి.

ఇక్కడే ఒక చిక్కు వస్తుంది. బోటు వెళ్ళిన నాలుగో రోజున, "వాయుగుండం వస్తున్నది, వెనక్కు రండి" అని కబురు అందిందనుకోండి. గది సగం ఖాళీగా ఉన్నది. డీజిలుకూ ఐసుకూ అప్పు తెచ్చిన డబ్బు అయిపోయింది. "ఇంకొక్కసారి వల వేసి పోదాం" అని అందరికీ అనిపిస్తుంది. అప్పుడు బోటును ఒడ్డువైపుకు తిప్పడానికి గుండెధైర్యం కావాలి. కరిగిపోయిన ఐసును మళ్ళీ కొనవచ్చు. మనుషులను కొనలేము గదా!

ఇంట్లో ఒక పని చేసి చూడండి. సమానమైన రెండు ఐసు ముక్కలు తీసుకుని, ఒకదాన్ని గిన్నెలో ఊరికే ఉంచండి. రెండోదాన్ని మరో గిన్నెలో రంపపు పొట్టుతో బాగా కప్పండి. ఏది ఎన్ని నిమిషాలకు కరిగిందో రాసుకోండి. బోటులో ఐసుగది గోడలకు బయటి వేడి తగలకుండా ఎందుకు కట్టుదిట్టం చేస్తారో మీకే బోధపడుతుంది. ఈసారి బజారులో చేపలమీద చల్లిన ఐసును చూసినప్పుడు, అది ఎంత దూరం పోయి వచ్చిందో మీ తమ్ముళ్ళకూ చెల్లెళ్ళకూ చెప్పండి.