మన బోరు నీళ్లలో ఏముంది?

నీళ్లు తేటగా ఉంటే మంచివేనా? కాదు. ఫ్లోరైడు కంటికి కనపడదు. వాసన రాదు. నీటిని పరీక్ష చేస్తేనే తెలుస్తుంది.

ఫ్లోరైడు ఎక్కడి నుంచి వస్తుంది? భూమి లోపలి రాళ్లలో ఉంటుంది. నీళ్లు ఆ రాళ్ల మధ్య ఏళ్ల తరబడి నిలిస్తే అందులో కరుగుతుంది. అందుకే బోరు నీళ్లలో ఎక్కువ. వాన నీళ్లలో తక్కువ.

లీటరు నీళ్లలో ఫ్లోరైడు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. దాటితే పిల్లల పళ్ల మీద గోధుమరంగు చారలు వస్తాయి. ఏళ్ల తరబడి తాగితే కీళ్లు పట్టేస్తాయి. నడుము వంగిపోతుంది. వంగిన ఎముక మళ్లీ బాగుపడదు.

మన దేశంలో ఈ జబ్బు సంగతి 1937లో బయటపడింది. అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల్లో దీన్ని గుర్తించారు. తర్వాత నల్గొండ జిల్లాలో ఎన్నో ఊళ్లు దీనితో నలిగిపోయాయి. ఆ ఊళ్లకు పిల్లనివ్వడానికి కూడా జనం వెనకాడారు.

కొందరు నీళ్లు మరిగిస్తే చాలు అనుకుంటారు. మరిగిస్తే క్రిములు చస్తాయి. ఫ్లోరైడు మాత్రం పోదు. నీరు ఆవిరైపోయి అది ఇంకా చిక్కబడుతుంది.

ఈ కష్టం అందరికీ సమానమా? డబ్బున్నవాళ్లు నీళ్లు కొనుక్కుంటారు. కూలికి పోయేవాళ్లు బోరు నీళ్లే తాగాలి. ఎండలో పని కాబట్టి ఎక్కువ తాగుతారు. ఫ్లోరైడు కూడా ఎక్కువే లోపలికి పోతుంది. ఇది తలరాత కాదు. అన్యాయం.

ఈ సంగతి తెలిసిన నల్గొండ జనం ఊరుకోలేదు. 1996 లోక్‌సభ ఎన్నికల్లో అక్కడ 480 మంది పోటీకి నిలబడ్డారు. వాళ్లలో చాలామంది గెలవడానికి నిలబడలేదు. మంచినీళ్ల గోడు దేశానికి వినిపించడానికి నిలబడ్డారు. దేశమంతా నల్గొండ వైపు చూసింది. కృష్ణా నీళ్లు పైపుల్లో ఊళ్లకు రావడానికి మాత్రం ఏళ్లు పట్టింది.

మంచినీళ్లు ఎవరో పెట్టే భిక్ష కాదు. బతికే హక్కులో శుభ్రమైన నీరు కూడా ఉందని 1991లో సుప్రీంకోర్టు చెప్పింది. 2019లో మొదలైన జల్ జీవన్ మిషన్ ప్రకారం ప్రతి ఊరిలో ఐదుగురు మహిళలకు నీటి పరీక్ష నేర్పాలి. పరీక్ష ఫలితం అంకెల్లో వస్తుంది. ఆ అంకె మనమే చదవాలి. 1.5 దాటితే గ్రామసభలో లేచి అడగాలి. చదువు నేర్చింది అందుకే కదా!

చర్చించండి:
1. మన ఊరి బోరు నీళ్లను ఎప్పుడు పరీక్ష చేశారు? ఫలితం ఎంత వచ్చింది?
2. మన ఊళ్లో మంచినీళ్లు అందని వాడ ఏది? ఎందుకు?