కల్లు సీసాలో ఎన్ని డ్రింకులు?

తాగుడు ఎంత ముదిరిందో తేల్చడానికి చాలా దేశాల డాక్టర్లు వాడే ప్రశ్నావళి ఒకటుంది. పేరు ఆడిట్. పది ప్రశ్నలు, నలభై మార్కులు. ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని ఆస్ట్రేలియా, బల్గేరియా, కెన్యా, మెక్సికో, నార్వే, అమెరికాల్లోని రోగులను పరిశీలించి తయారు చేయించింది. తాగిన రోజున ఎన్ని డ్రింకులు తీసుకుంటారన్నది అందులో రెండో ప్రశ్న. డ్రింకు అంటే పది గ్రాముల ఆల్కహాల్. పాలమూరు పల్లెలో కల్లు దుకాణం దగ్గర కూర్చున్న మనిషి దీనికేం చెప్పాలి? ఆయన లెక్క సీసాల్లో ఉంటుంది. ఆ సీసాలో మత్తు ఎక్కించేది ఆల్కహాలేనా అన్నది ఇంకో పేచీ.

తెలంగాణలో చాలాచోట్ల కల్లులో క్లోరల్ హైడ్రేట్, డైజెపామ్, ఆల్ప్రజోలం కలిపి అమ్మడం ఏళ్ల తరబడి నడుస్తోంది. మెదడులో గాబా అనే రసాయనం నాడీకణాల ఉద్రేకానికి బ్రేకు వేస్తుంది. ఈ మందులు ఆ బ్రేకును మరింత గట్టిగా నొక్కుతాయి. రోజూ అదే జరిగితే మెదడు తన సొంత బ్రేకును సడలించుకుంటుంది. అప్పుడు సరఫరా ఒక్కసారిగా ఆగిందా, వణుకు, నిద్రలేమి, పొంతన లేని మాటలు, ఫిట్స్. 2015లో కల్తీ మీద దాడులు ముమ్మరమైనప్పుడు నిజామాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో ఆసుపత్రులకు ఇలాంటి వాళ్లే వరస కట్టారు.

“మందు తాగుతవా?” అని అడిగితే “మందు ముట్ట సారూ, కల్లే తాగుత” అంటాడు రోగి. అబద్ధమేమీ కాదు. కానీ మద్యం మానాక వచ్చే బాధలు మామూలుగా వారం రోజుల్లో సర్దుకుంటాయి. ఏళ్లుగా ఆల్ప్రజోలం పడిన ఒంటికి మోతాదును వారాల తరబడి మెల్లగా తగ్గించాలి. ఏ దుకాణం, ఎన్నాళ్లుగా, తాగకపోతే ఎన్ని గంటలకు చేతులు వణుకుతాయి అన్న సంగతులు తాగేవాడికి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియవు. అందుకే పరిశోధన మొదలుకాకముందే, ప్రశ్నలు రాసేచోటే అతను ఉండాలి.

మన దేశంలో ఇందుకు దగ్గరగా వచ్చిన ప్రయత్నం గోవాలో జరిగింది. సంగత్ అనే సంస్థ తరఫున అభిజిత్ నాడకర్ణి, విక్రమ్ పటేల్ బృందం మద్యం అలవాటున్న మగవాళ్లనూ వాళ్ల భార్యలనూ ముందుగా కూర్చోబెట్టి అడిగింది: తాగుడుకు కారణం ఏమనుకుంటున్నారు, మానాలనుకున్నప్పుడు మీ అంతట మీరు ఏం చేశారు? అలాంటి సమాచారాన్ని కూడా కలుపుకుని ఒక కౌన్సెలింగ్ పద్ధతి తయారుచేశారు. ఇచ్చింది సైకియాట్రిస్టులు కారు. కనీసం పదో తరగతి చదివి, కొద్దివారాల శిక్షణ పొందిన స్థానికులే. నాలుగుకు మించని విడతలు, అవసరమైతే ఇంటి దగ్గరే. పది ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో 377 మంది మీద చేసిన పరీక్షలో, మూడు నెలలకు బాగుపడ్డవాళ్లు కౌన్సెలింగ్ అందిన గుంపులో 36 శాతం, అందనివాళ్లలో 26 శాతం. 2017లో లాన్సెట్ పత్రిక ప్రచురించింది. మద్యానికి బానిసైన ప్రతి 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందుతోందని 2019 జాతీయ సర్వే తేల్చిన దేశంలో ఇది చిన్న విషయమేమీ కాదు.

అయితే బాగుపడ్డారని తేల్చిన కొలబద్ద మళ్లీ ఆడిట్టే! ఎనిమిది మార్కుల లోపుకి దిగితే బాగుపడ్డట్టు. అదే మూడు నెలల లెక్కలో భార్యల మీద హింస, పనికి పోలేని రోజులు మాత్రం చెప్పుకోదగ్గట్టు తగ్గలేదు. చికిత్స విఫలమైందని కాదు నేననేది. ఇంటావిడను అడిగితే మొదట చూసే లెక్క ఆ రెండే. పరిశోధనలో అవి ప్రధాన ఫలితం కింద కాక, పక్కన నమోదైన అంశాల కింద ఉండిపోయాయి. ఆ వరస ఎవరు నిర్ణయించాలి?

రోగుల మాట వినకపోతే ఏమవుతుందో, చికిత్స కోసం పడే దూరాభారం విషయంలో అమెరికా పల్లెలను చూస్తే తెలుస్తుంది. నల్లమందు జాతి మత్తుకు అలవాటుపడ్డవాళ్లకు ఇచ్చే మెథడోన్‌ను అక్కడ ప్రత్యేక క్లినిక్కుల్లోనే ఇస్తారు. చికిత్స మొదట్లో దాదాపు రోజూ వెళ్లి, నర్సు కళ్ల ముందే తాగాల్సి వచ్చేది. పల్లెల్లో ఉండేవాళ్లకు అదొక ఉద్యోగమంత పని. ఆ మందుకు రోగులు పెట్టిన పేరు ‘ద్రవ సంకెళ్లు’. ఇంటికి ఇవ్వండని వాళ్లు ఎన్నేళ్లు మొత్తుకున్నా, దుర్వినియోగం చేస్తారన్న భయమే గెలిచింది. 2020లో కోవిడ్ వచ్చి పడ్డాక, నిలకడగా ఉన్నవాళ్లకు 28 రోజుల మందు ఒకేసారి ఇవ్వడానికి అనుమతించారు. భయపడ్డది జరగలేదు. మత్తుమందు మోతాదు మించి చనిపోయినవాళ్లలో మెథడోన్ వాటా 2019లో 4.5 శాతం, 2021లో 3.2 శాతం. 2024లో ఆ సడలింపు శాశ్వత నిబంధన అయింది. రోగుల మాట పరీక్షకు నిలబడాలంటే ఒక మహమ్మారి రావాల్సి వచ్చింది.

మన దగ్గర కల్లు కల్తీ మీద అధ్యయనం చేయాలనుకునేవాళ్లకు ఇంకో చిక్కు ఉంది. దుకాణం పేరు చెబితే కేసు అవుతుందని, ఊళ్లో గీత కార్మికుల ఉపాధి పోతుందని తాగేవాడు నోరు విప్పడు. విప్పాలంటే ఆ వివరాలు పోలీసులకూ ఎక్సైజ్ వాళ్లకూ చేరవన్న హామీ కాగితం మీద ఉండాలి. కూలి పోయిన రోజుకు డబ్బు కట్టివ్వాలి. ఆ హామీలో ఏ మాటలు ఉంటే నమ్ముతారో కూడా వాళ్లనే అడిగి రాయాలి.